పొర తీయని ముప్ఫై ట్యాబులు

మొదట్లో నా చేతిలో ఉన్నవి మూడు. దుకాణం వెనకగదిలో ఒక అట్టపెట్టె నిండా చచ్చిన ఫోన్లు. మా అమ్మాయి చదివే ప్రైమరీ స్కూలు హెడ్‌మాస్టరు దగ్గర మంచి పేరు. ఇక మూడోది ఆ అమ్మాయే. తొమ్మిదేళ్లది, మాట తడబడుతుంది.

వీటిలో ఏది సరుకో, ఏది చెత్తో నాకు బాగా తెలుసనుకున్నాను. అక్కడే తప్పింది లెక్క.

పాత ఫోన్లు కొని, బాగుచేసి అమ్మడం నా వ్యాపారం. ఇరవై ఏళ్లుగా ఇదే పని. ఏ ఫోన్ వచ్చినా మూడు నిమిషాలు చూసి మూడు కుప్పల్లో ఒకదాంట్లో పడేస్తాను. అమ్ముడుపోయేది, విప్పి సామాను తీసుకునేది, అట్టపెట్టెలోకి పోయేది. మా ఆవిడ కౌంటరు దగ్గర కూర్చుంటుంది. "మనుషుల్ని కూడా ఇలాగే కుప్పలేస్తారు మీరు" అంటుంది. అబద్ధమని నేనెప్పుడూ అనలేదు.

అమ్మాయిని ఇంట్లో గవ్వ అంటాం. పుట్టినప్పుడు కళ్లు, పిడికిళ్లు, నోరు అన్నీ గట్టిగా మూసుకుని ఉండేది, అందుకని. పెద్దయ్యాక ఆ పేరే నిజమై కూర్చుంది. మాట మొదలుపెడితే మొదటి అక్షరం దగ్గరే బురదలో దిగబడ్డ చక్రంలా ఆగిపోతుంది. తెలివికేం తక్కువ లేదు. కళ్లతో పుస్తకాలు నమిలేస్తుంది. నోటితోనే రాదు.

స్కూలు వాళ్లకి నోటితోనే కావాలి. ఏడాది చివర ఒక పరీక్ష పెడతారు. పిల్లలు ఒక పేజీ పైకి చదవాలి, ఒక్క నిమిషంలో పాతిక మాటలు దాటాలి. రెండేళ్లు వరసగా దాటకపోతే ఊరికి అటు చివర ఉన్న ప్రత్యేక బడికి పంపేస్తారు. పోయినేడు గవ్వ నాలుగు మాటలు చదివింది. ఐదో మాట మొదటి అక్షరం మీద ఉండగా గంట కొట్టారు. ఆ ప్రత్యేక బడి నేను వెళ్లి చూసొచ్చాను. శుభ్రంగా ఉంది, అందరూ మెత్తగా మాట్లాడతారు. అక్కడ పిల్లల్ని ఎవరూ ఏ ప్రశ్నా అడగరు. అది వాళ్ల దయ. నోరు మూసుకుని ఉండడమే అలవాటైన పిల్లకి అంతకంటే విషం ఇంకోటి లేదు.

ఇక హెడ్‌మాస్టరు దగ్గర మంచి పేరు ఎలా వచ్చిందో చెప్తాను. ఏడాదిన్నర కిందట స్కూలుకి పైనుంచి ముప్ఫై ట్యాబులు వచ్చాయి. పిల్లలు వాటి మీద బొమ్మలు గీస్తారు, లెక్కలు చేస్తారు, కథలు వింటారు అని కాగితం మీద రాసుంది. వాటిని పెట్టి, తాళం వేసి, అన్నిటినీ ఒకేసారి ఛార్జ్ చేసే ఇనప బీరువా నేనే అమ్మాను. ముప్ఫై అరలు, ముప్ఫై వైర్లు, ఒక్క ప్లగ్గు.

"దీన్ని రోజూ చూసుకోవాలా?" అని అడిగాడాయన.

"ప్లగ్గు పెట్టి మర్చిపోండి సార్" అన్నాను.

బేరం కుదరాలంటే అలాంటి మాటలే అంటాం. అన్న మర్నాడే నేను దాన్ని మర్చిపోయాను.

ఈ ఏడు గవ్వ క్లాసుకి కొత్త టీచరమ్మ వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం హెల్మెట్ చేత్తో పట్టుకుని దుకాణంలోకి వచ్చి, "చచ్చిన ఫోన్లు ఉంటాయా మీ దగ్గర?" అనడిగింది.

"చచ్చినవెందుకమ్మా? మంచివి చూపిస్తాను."

"మంచివి కొనేంత జీతం కాదండీ నాది. పూర్తిగా చచ్చినవి కూడా వద్దు. ఎక్కడో ఒకచోట ప్రాణం ఉండాలి. ఒకదానికి కెమెరా పనిచేస్తే చాలు, ఒకదానికి మైకు. మాట్లాడక్కర్లేదు. అందంగా ఉండక్కర్లేదు."

"అలాంటిది మా ఇంట్లో ఒకటుంది, పట్టుకుపోండి" అంది మా ఆవిడ నావైపు చూస్తూ.

టీచరమ్మ నవ్వింది. నేను నవ్వలేదు. "స్కూల్లో ముప్ఫై కొత్తవి ఉన్నాయి కదమ్మా, నా చెత్తతో ఏం పని?" అన్నాను.

"ఉన్నాయి. మీరమ్మిన బీరువాలో. తాళంచెవి హెడ్‌మాస్టరు గారి బొడ్లో ఉంది."

అప్పుడు చెప్పింది శనివారం తంతు. ప్రతి శనివారం బీరువా తెరుస్తారు. పిల్లల్ని వరసగా నిలబెట్టి తలా ఒక ట్యాబు చేతికిస్తారు. వేళ్లు కదపొద్దంటారు. ఫొటో తీస్తారు. లెక్కపెట్టి మళ్లీ అరల్లో పెట్టి, రిజిస్టరులో సంతకం చేసి, తాళం వేస్తారు. ఏడాదిన్నరగా ఒక్కదాని మీద కూడా ఫ్యాక్టరీలో అంటించిన ప్లాస్టిక్ పొర తీయలేదు. ఎందుకంటే ఫొటోలో కొత్తగా కనబడాలట.

"పగిలితే ఎవరు జవాబు చెప్పాలి అంటారు. పిల్లలు నేర్చుకోకపోతే ఎవరు జవాబు చెప్పాలో మాత్రం ఆ రిజిస్టరులో గడి లేదండీ."

నేను మనసులో లెక్కేశాను. ఈవిడ గవ్వ టీచరు. పరీక్ష ముందుంది. పన్నెండు చచ్చిన ఫోన్లు పెద్ద పెట్టుబడి కాదు. పెట్టె బయటికి లాగి, ఒక్కోదాన్నీ పరీక్షించి, వెనకాల చీటీలు అంటించాను. ఇది కెమెరా మంచిది, ఇది మైకు మంచిది, ఇది రెండూ ఉన్నాయి గానీ టచ్ సగమే పనిచేస్తుంది. లోపల పాతవాళ్ల ఫొటోలూ నంబర్లూ ఏవీ లేకుండా తుడిచేసి ఇచ్చాను. దానం అనుకోకండి. నేను దానాలు చెయ్యను.

మూడు వారాలు పోయాక గవ్వ దుకాణం బిల్లు పుస్తకం వెనక ఒక బొమ్మ గీసింది. రంపంలాంటి కాలు, దానికి సన్నటి వెంట్రుకలు. ఏంటని అడిగితే "చీ... చీ..." అంది. "చీపురా?" అన్నాను. నాకది అలవాటు. పిల్ల మాట దగ్గర ఆగితే నేనే ఒక మాట అందించేస్తాను. గవ్వ తల అడ్డంగా ఊపి పెన్సిలు కింద పెట్టేసింది.

మర్నాడు నాలుగు ఛార్జర్లు ఇవ్వాలన్న వంకతో స్కూలుకెళ్లాను. తలుపు దగ్గర నిలబడి చూశాను. పిల్లలు గుంపులు గుంపులుగా నేల మీద కూర్చున్నారు. ఒక పిల్లాడు గుండుసూది తలతో నీళ్ల చుక్క తీసి ఫోన్ కెమెరా మీద పెడుతున్నాడు. ఫోన్లలో నీళ్లు పోతే బాగుచేసి బతికేవాణ్ణి నేను. కావాలని కెమెరా మీద నీళ్లు పెడుతుంటే ఆపబోయి గుమ్మంలోకి ఒక అడుగు వేశాను. ఆ పిల్లాడు ఫోన్‌ని మెల్లగా బోర్లించాడు. చుక్క కిందికి జారకుండా భూతద్దంలా వేలాడింది. దాని కింద ఉప్పు పెట్టారు. సగం చచ్చిన ఆ డిస్‌ప్లే మీద ఉప్పురవ్వలు గాజు ఇటుకల్లా కనబడ్డాయి. తర్వాత ఎక్కడో దొరికిన ఒక చచ్చిన చీమని పెట్టారు. కాలు, కాలి మీద వెంట్రుకలు. గవ్వ గీసిన బొమ్మ అదే.

"సినిమా తీస్తున్నాం అంకుల్" అన్నాడు ఆ పిల్లాడు. చీమ ఉప్పుకొండ ఎక్కే కథట. దగ్గరగా చూపించాల్సినవి నీళ్లచుక్కతో తీస్తారు. నడిచే చీమని బ్లాక్‌బోర్డు మీద సుద్దతో గీసి, ఒక ఫొటో తీసి, కాలు చెరిపి కొంచెం ముందుకి గీసి, ఇంకో ఫొటో తీస్తారు. అలా రెండు వందల ఫొటోలు కలిపితే చీమ నడుస్తుంది.

"మరి చీమకి గొంతు ఎవరు?"

వాడు తలుపు వెనక్కి చూపించాడు.

అక్కడ స్టాండు ఫ్యాను అట్టపెట్టె ఒకటి అడ్డంగా పడుకోబెట్టి ఉంది. లోపల చుట్టూ పాత దుప్పటి ముక్కలు అంటించారు, బయటి చప్పుళ్లు పడకుండా. ఆ పెట్టెలో తల, భుజాలు దూర్చి బోర్లా పడుకుని ఉంది మా గవ్వ. కాళ్లు మాత్రం బయట ఉన్నాయి. లోపల నేనిచ్చిన ఫోన్ ఒకటి, దాని లైటు వెలుగులో కాగితం.

"నే... నేను మో-మొయ్యగలను. కొం-కొండ పెద్దదైతే ఏం, నేను రవ్వ రవ్వ మో-మోస్తాను."

మొదటిసారి మా అమ్మాయి రెండు వాక్యాలు ఆపకుండా అనడం విన్నాను. తడబాటు పోలేదు, అలాగే ఉంది. కానీ ఎదురుగా ఏ మొహమూ లేదు, ఆ మాట ఎప్పుడొస్తుందా అని చూసే కళ్లు లేవు, మాట అందించే తండ్రి లేడు. తడబడింది, దాటింది, ముందుకెళ్లింది.

"తడబడ్డవి కత్తిరించేస్తారా?" అని పక్కనున్న పాపని అడిగాను.

ఆ పాప నన్ను జాలిగా చూసింది. "ఎందుకంకుల్? చీమ అలాగే మాట్లాడుతుంది. బరువు మోస్తోంది కదా."

నేను వరండాలోకి వచ్చి నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. ఫ్యాను పెట్టె! మా వీధిలో వారానికి నాలుగు బయట పారేస్తారు. తొమ్మిదేళ్లలో ఒక్కటి తెచ్చి పిల్లకివ్వాలని నాకు తోచలేదు. అటుపక్క హెడ్‌మాస్టరు గదిలోంచి నా బీరువా సన్నగా ఝుమ్మని మోగుతోంది. ముప్ఫై మైకులు, ముప్ఫై కెమెరాలు, ఒక్కదానికీ గొంతు వినిపించనివ్వకుండా లోపల మూసిపెట్టింది. అమ్మినవాణ్ణి నేను.

ఇంకో పది రోజుల్లో సినిమా అయిపోయేది. కానీ హెడ్‌మాస్టరు చూశాడు. బడిలో ఫోన్లు నిషేధం అని నియమం ఉందట. పన్నెండూ తీసుకెళ్లి తన సొరుగులో పడేసి తాళం వేశాడు. టీచరమ్మకి సంజాయిషీ ఇమ్మని కాగితం ఇచ్చాడు. గవ్వ ఇంటికొచ్చి పుస్తకాల సంచి కూడా దించకుండా గోడవైపు తిరిగి కూర్చుంది. పరీక్షకి తొమ్మిది రోజులుంది.

ఆ తర్వాతి సోమవారం హెడ్‌మాస్టరు నాకు ఫోన్ చేశాడు. స్క్రూడ్రైవర్లు పట్టుకుని రమ్మన్నాడు. వెళ్లగానే గది తలుపు వేసి, కుర్చీ తనే లాగి వేశాడు. ఆ మర్యాద చూడగానే ఏదో కొంప మునిగిందని తెలిసింది.

బీరువా తెరిచాడు. పై అరల్లో ట్యాబులు కడుపు ఉబ్బి ఉన్నాయి. కొన్నిటికి అద్దం చట్రంలోంచి లేచి, మూత సగం తెరిచిన డబ్బాలా ఉంది. నేను ముందు ప్లగ్గు పీకేశాను. బీరువా లోపల చెయ్యి పెడితే వేడిగా తగిలింది. కారణం ఏంటో అడగక్కర్లేదు. నిండిన బ్యాటరీని వాడకుండా, దించకుండా, మూసిన ఇనప డబ్బాలో ఏడాదిన్నర వైరుకి తగిలించి ఉంచారు. కడుపు నిండిన మనిషి నోట్లో ముద్ద మీద ముద్ద కుక్కినట్టు.

"ఇన్ని శనివారాలు లెక్కపెట్టారు కదా సార్, కనబడలేదా?"

"లెక్క సరిపోయిందయ్యా. ముప్ఫై ఉన్నాయి."

ఉబ్బినా ముప్ఫై ముప్ఫయ్యే మరి.

"ఇన్‌స్పెక్టరు గారు గురువారం వస్తున్నారు" అన్నాడు. "నాకొక కాగితం కావాలి. మీ దుకాణం ముద్ర వేసి."

"ఏమని?"

"నీళ్లు తగిలి పాడయ్యాయని. ఆవిడ ఫోన్ల మీద నీళ్లు పోసి ఆడించడం స్కూలంతా చూసింది. ఎవరైనా నమ్ముతారు."

"ఈ ట్యాబులు ఆవిడ ముట్టుకోలేదు కదా సార్."

"ముట్టుకోలేదని కాగితం ఉందా?" అన్నాడు. ఆయన టీ కప్పు నా ముందుకి జరిపాడు. "ముప్ఫై బ్యాటరీలూ మీరే వెయ్యండి. చుట్టుపక్కల ఇంకో ఏడు స్కూళ్లకి ఇలాంటి బీరువాలే కావాలట. నన్నే అడిగారు, మీ పేరు చెప్తాను. మీ పాప ఫైలు కూడా నా దగ్గరే ఉంది. గురువారం ఆ చదివే పరీక్ష పెట్టేది నేనే. పాతిక మాటలు దాటిందని రాసేస్తాను. పాపని నిలబెట్టడం, కష్టపెట్టడం ఏమీ ఉండవు. నోరు విప్పక్కర్లేదు."

"ముద్ర వెయ్యకపోతే?"

"అప్పుడు ఈ బీరువా ఎవరమ్మారు, ప్లగ్గు పెట్టి మర్చిపొమ్మని ఎవరన్నారు, అవన్నీ రాయాల్సొస్తుంది. నాకిష్టం లేదనుకోండి."

ఆలోచించి చెప్తానని లేచాను. టీ ముట్టలేదు. దారి పొడుగునా పళ్లు కొరుకుతూనే ఉన్నాను. ఎవరి మీదో తేలలేదు. ఆయన నన్ను కొనడానికి చూసినందుకు కోపమా, ధర సరిగ్గా కట్టినందుకా? సరిగ్గానే కట్టాడు. ఇరవై ఏళ్లలో నాకంత మంచి బేరం రాలేదు.

దుకాణంలో మా ఆవిడకి చెప్పాను. గవ్వ స్టూలు మీద కూర్చుని ఛార్జరు వైరు చేతికి చుట్టుకుంటోంది.

"భలే కుదిరిందండీ" అంది మా ఆవిడ. "టీచరమ్మ పోతుంది. బీరువాలొస్తాయి. పిల్ల నోరు మూసుకునే పాసవుతుంది. అన్నీ మనకే."

"వెటకారమా?"

"మీ భాషలోనే మాట్లాడుతున్నాను. లెక్క."

"మరేం చెయ్యమంటావు? పిల్లని ఆ బడికి పంపమంటావా? నువ్వే చెప్పు, పంపుదాం!" అని కసిరాను. కౌంటరు మీద ఉన్న ఫోన్ కవర్లు కింద పడ్డాయి. నేను గవ్వ వైపు తిరిగి గొంతు తగ్గించాను. "తల్లీ, నువ్వు గురువారం చదవక్కర్లేదు. హెడ్‌మాస్టరు గారు పాస్ చేసేస్తానన్నారు. సరేనా?"

సంతోషిస్తుందనుకున్నాను. గవ్వ మొహం ఎర్రబడింది. చేతికి చుట్టుకున్న వైరు విప్పి నేలకేసి కొట్టింది.

"న... న..."

"నచ్చింది కదా?" అన్నాను.

"మీరు కాసేపు నోరు మూసుకోండి" అంది మా ఆవిడ.

మూసుకున్నాను. ఎంతసేపంటే, ఆ సమయంలో నేను ఒక ఫోన్‌కి అద్దం అంటించేవాణ్ణి. గవ్వ కళ్లు మూసుకుని, పిడికిళ్లు బిగించి, పుట్టినప్పుడు ఉన్నట్టే అయిపోయి, ఆ మాట బయటికి తెచ్చింది.

"న-నన్ను చ-చదవనివ్వరా?"

మా ఆవిడ కౌంటరు దాటి వచ్చి గవ్వ పక్కన నిలబడింది.

"నేను ప్రా-ప్రాక్టీసు చేశాను. పే-పేజీ మొత్తం. పె-పెట్టెలో." ఇంక ఆపలేదు. "ఆయన రా-రాసేస్తే, నే-నేను చదివానో లేదో ఎ-ఎవరికి తె-తెలుస్తుంది?"

అంత కోపం ఆ చిన్న ఒంట్లో ఎక్కడ దాచుకుందో నాకు తెలీదు. నాదేననుకున్నాను ఇంట్లో పెద్ద కోపం.

గురువారం గవ్వని స్కూల్లో దింపి, సామాను సంచి పట్టుకుని హెడ్‌మాస్టరు గదిలోకి వెళ్లాను. ఇన్‌స్పెక్టరు యాభై ఏళ్ల ఆవిడ, జలుబుతో ముక్కు తుడుచుకుంటూ రిజిస్టరు తిరగేస్తోంది. టీచరమ్మ గోడ పక్కన నిలబడి ఉంది. హెడ్‌మాస్టరు నన్ను నిపుణుడని పరిచయం చేసి, టైపు చేసిన కాగితం నా ముందు పెట్టాడు. కింద ముద్రకి చోటు వదిలాడు.

"తెరిచి చూపించాకే ముద్ర సార్" అన్నాను.

ఒక ట్యాబు తీసి బల్ల మీద పెట్టాను. ముందు అద్దం మీది పొర అంచు గోటితో లేపి లాగాను. చర్రుమని ఊడింది. "ఈ చప్పుడు ఈ ట్యాబుకి ఇదే మొదటిసారి మేడమ్. మిగతా ఇరవై తొమ్మిదీ మీరు లాగి చూసుకోండి."

ఆవిడ ముక్కు తుడుచుకోవడం ఆపింది.

అద్దం పైకెత్తి లోపల చూపించాను. ప్రతి ట్యాబులోనూ బియ్యపుగింజంత తెల్లటి చీటీ ఒకటి అంటించి ఉంటుంది. నీళ్లు తగిలితే ఎర్రబడుతుంది. మా వ్యాపారంలో అబద్ధాలాడే కస్టమర్లని దాంతోనే పట్టుకుంటాం. అది పాలలా తెల్లగా ఉంది. ఇంకో మూడు విప్పాను. అన్నీ తెలుపే.

"నీళ్లు కాదు మేడమ్. ఏడాదిన్నరగా ప్లగ్గు పీకలేదు. అందుకే ఉబ్బాయి."

"పెట్టి మర్చిపొమ్మన్నది ఈయనే!" అని కుర్చీలోంచి లేచాడు హెడ్‌మాస్టరు. "అడగండి మేడమ్, అన్నాడో లేదో!"

"అన్నాను" అన్నాను. "వారానికి రెండు గంటలు చాలని నాకు తెలుసు. చెప్పలేదు. చెప్తే దీనికింత చాకిరీ ఉందా అని ఆయన కొనడేమోనని చెప్పలేదు. అది నా తప్పు, రాసుకోండి. కానీ మేడమ్, పిల్లలు వాడి ఉంటే ఛార్జి దిగేది. దిగి ఎక్కి, దిగి ఎక్కి అవి ఇంకో నాలుగేళ్లు ఉండేవి. ట్యాబులు కొనిపెట్టి ఎవరికీ ఇవ్వకుండా దాచుకుంటారని నేనెలా అనుకుంటాను?"

నా గొంతు పక్క క్లాసులోకి వినబడేంత లేచింది. ఇన్‌స్పెక్టరు రాసుకుంది. తర్వాత టీచరమ్మని అడిగింది, ఫోన్లు క్లాసులోకి ఎవరి అనుమతితో వచ్చాయని.

"ఎవరి అనుమతీ లేదు మేడమ్" అంది టీచరమ్మ.

"ఫోన్లు ఎవరివి?"

"నావే" అన్నాను.

ఆవిడ పెన్ను బల్ల మీద పడేసింది. "ఈ గదిలో నియమం ప్రకారం పని చేసినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా?"

"ఆ బీరువా ఒక్కటే మేడమ్" అన్నాను. ఆవిడ నవ్విందో తుమ్మిందో తెలీలేదు.

చదివే పరీక్ష తనే పెడతానంది. అందరం క్లాసులోకి వెళ్లాం. గవ్వ వంతు వచ్చినప్పుడు టీచరమ్మ తలుపు వెనక నుంచి ఫ్యాను పెట్టె లాగింది.

"ఇదేం సర్కసు?" అన్నాడు హెడ్‌మాస్టరు. "పిల్ల పరీక్షకుల ఎదుట నిలబడి చదవాలి."

ఇన్‌స్పెక్టరు నియమాల కాగితం తీసి, కళ్లజోడు సర్దుకుని చదివింది. "చదివింది పరీక్షకులకి స్పష్టంగా వినబడాలి. ఇంతే ఉంది. తల ఎక్కడుండాలో రాయలేదు."

లోపల వెలుతురు కావాలి. ఫోన్లు హెడ్‌మాస్టరు సొరుగులో ఉన్నాయి. ఆయనే వెళ్లి, తాళం తీసి, నేను చీటీ అంటించిన పాత ఫోన్ ఒకటి తెచ్చి, మొహం మాడ్చుకుని మా అమ్మాయి చేతికిచ్చాడు. ఆ ఒక్క క్షణం కోసం ఏడు బీరువాలూ ఇచ్చేస్తాను అనుకున్నాను. ఇచ్చేసినట్టే కదా అప్పటికే.

గవ్వ కొత్త పేజీ పట్టుకుని పెట్టెలో దూరింది. గంట కొట్టారు.

మొదటి అక్షరం దగ్గరే ఆగింది. నేను సెకన్లు లెక్కపెడుతున్నాను. ఆరు. ఏడు. ఆ పేజీ మొదటి మాట ఏంటో ఇన్‌స్పెక్టరు చేతిలోని ఇంకో కాపీలో నాకు కనబడుతోంది. నా నాలుక చివరిదాకా వచ్చింది. నాలుక కరుచుకున్నాను, నిజంగానే, రక్తం రుచి తెలిసింది. తొమ్మిదో సెకనుకి చక్రం కదిలింది. తర్వాత ఇంకో రెండుచోట్ల దిగబడింది, లేచింది. క్లాసులో ఒక్క పిల్లా నవ్వలేదు. వాళ్లకా గొంతు తెలుసు, వాళ్ల చీమ గొంతు అది.

గంట కొట్టారు. ఇన్‌స్పెక్టరు వేళ్లు మడిచి లెక్కచూసింది. "ఇరవై ఎనిమిది."

పెట్టెలో చదువు ఆగలేదు.

"చాలమ్మా, చాలు, అయిపోయింది" అన్నాడు హెడ్‌మాస్టరు.

"అ-అవలేదు" అంది పెట్టెలోంచి గవ్వ. "ఇం-ఇంకా సగం పే-పేజీ ఉంది."

ఇన్‌స్పెక్టరుతో సహా అందరం నిలబడి ఆ సగం పేజీ విన్నాం.

ఇక వచ్చినవీ పోయినవీ చెప్తాను. ఫోన్లు తెచ్చినందుకు టీచరమ్మకి హెచ్చరిక కాగితం వచ్చింది. స్కూల్లోనే ఉంది. హెడ్‌మాస్టరుకి కూడా ఒక కాగితం వచ్చింది. ఆయనా అక్కడే ఉన్నాడు, అదే కుర్చీలో, నేను ఎదురైతే ఇంకోవైపు చూస్తాడు. ముప్ఫై ట్యాబులనీ ఆఫీసుకి పట్టుకుపోయారు. వాటి బదులు ఒక ఉత్తర్వు వచ్చింది, ఇకమీదట ట్యాబు ముట్టుకోవాలంటే పిల్లలు ఒక ఫారం నింపాలట. తరగతి గదిలో నీళ్ల చుక్కతో ఏ పరికరాన్నీ తాకరాదట. ఆ ఉత్తర్వు టీచరమ్మ చదివి వినిపించిన రోజు నేను దుకాణం షట్టరు ఎంత గట్టిగా దించానంటే పక్క దుకాణం వాళ్లు బయటికొచ్చి చూశారు.

ఏడు స్కూళ్ల బీరువాలు ఇంకొకడు అమ్మాడు. వారానికి రెండు గంటలకి మించి ప్లగ్గు ఉంచొద్దని, అన్నిటికంటే ముందు ట్యాబులు పిల్లల చేతికివ్వమని ఏడుగురు హెడ్‌మాస్టర్లకీ ఉత్తరాలు రాశాను. ఒక్కరూ జవాబివ్వలేదు. నా బీరువాని నేను వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. వెనకగదిలో ఉంది. మా ఆవిడ దాంట్లో చీపుర్లు, తుడుపుగుడ్డలు పెడుతుంది. "మొదటిసారి దీంట్లో పెట్టినవి రోజూ వాడుతున్నారు" అంటుంది. పన్నెండు ఫోన్లలో తొమ్మిది తిరిగొచ్చాయి. మిగతా మూడూ ఆ సొరుగులో ఏమయ్యాయో ఎవరికీ తెలీదు. టీచరమ్మ ఈసారి అనుమతి కాగితం తెచ్చుకుని మూడు అడిగింది, ఆరిచ్చాను. ఇది మాత్రం దానమే, ఒప్పుకుంటాను. చీమ కొండ ఎక్కేసింది. పిల్లలు ఇప్పుడు సాలెపురుగు మీద పడ్డారు. నీళ్ల చుక్క బదులు పాత ఫోన్ కెమెరాలోంచి నేను విప్పిచ్చిన అద్దం బిళ్ల వాడుతున్నారు, ఉత్తర్వులో దాని గురించి ఏమీ రాయలేదు కాబట్టి.

నిన్న సాయంత్రం ఒకాయన ఛార్జరు కొన్నాడు. చిల్లర ఇస్తుంటే స్టూలు మీద నుంచి గవ్వ "అం-అంకుల్" అంది. ఆయన ఆగాడు. "ని-నిండాక..." అని ఆగిపోయింది.

"నిండాక తీసెయ్యమంటోంది సార్" అనబోయాను. గవ్వ నా మొహానికి అడ్డంగా చెయ్యి పెట్టింది.

"ఆగు నాన్నా. నే-నేను చె-చెప్తున్నా."

కస్టమరు గడియారం చూసుకున్నాడు. నాకు చిర్రెత్తింది, ఆయన మీద. గవ్వ చెప్పడం మొదలుపెట్టింది. నిండాక ప్లగ్గు ఎందుకు తీసెయ్యాలో, తీయకపోతే ఏమవుతుందో, వాడితే ఏమవుతుందో, అన్నీ. చెప్పేసరికి చాలా సేపు పట్టింది. ఆయన నిలబడి విన్నాడు. నేనూ నిలబడే విన్నాను.

పోయింది ఏడు బీరువాల బేరం, ఒక మంచి పేరు. మిగిలింది నా మాట మధ్యలో ఆపే కూతురు.